అరవయ్యా, ఇరవయ్యా

ఎర్రయ్య మాస్టారు దగ్గర సుభాషిణి రెండేళ్లు నీళ్లలోకి దిగడం నేర్సుకుంది. ఊరు అనకాపల్లి, ఆస్పత్రిలో నర్సు పని. ఒక్కరోజు సెలవు దొరికితే సాలు, బస్సెక్కి భీమిలి తీరానికి వొచ్చీసీది. గాలి సిలిండరు వీపుకి కట్టుకుని మాస్టారు పక్కన దిగితే ఆవిడకి ఇంక ఏ బెంగా ఉండీది కాదు. ఒకనాడు ఒడ్డున కూసుని జుట్టు పిండుకుంటూ అడిగింది.

"మాస్టారూ, మీతో అయితే ఒక్క మాట అడక్కుండా దిగిపోతాను. రేపు ఇంకో ఊళ్లో, ఇంకో పడవ మీద, మొహం కూడా తెలీని మనిషిని జోడీగా ఇస్తారు. ఆ మనిషిని నమ్మి మునిగిన ఓడ దగ్గరికి ఎలా దిగడం?"

ఏదడిగినా అప్పటికప్పుడు సెప్పీ అలవాటు మాస్టారికి లేదు. కాలికంటిన ఇసక దులుపుకున్నాడు.

"ఆదివారం రామ్మా. ఇనపపారు కాడికెల్దాం" అన్నాడు.

పారంటే నీళ్లకింద రాళ్లగుట్ట. సేపలు అక్కడే సేరతాయి. ఎప్పుడో తుపానుకి మునిగిపోయిన బొగ్గు ఓడ ఒకటుంది, పాతిక మీటర్ల లోతుని. రాయి కాదు ఇనుము కాబట్టి, మన సేపలోళ్లు దాన్ని ఇనపపారు అన్నారు. సేపలకి మంచి సోటే. కానీ ఏళ్ల తరబడి తెగిపోయిన వలలన్నీ దాని మీదే పడి ఉన్నాయి. వలకి సేపా మనిషీ తేడా తెలవదు.

ఆదివారం పొద్దున్న పడవ కాడికి వొచ్చేసరికి కొత్త మనిషి ఒకాయన కూసుని ఉన్నాడు. శేషగిరి అని గుంటూరు ఇంజనీరు. నలభయ్యేళ్లుంటాయి. ఒంటిమీదున్న సామాను ఇంకా కొత్త వాసనే పోలేదు. అండమాన్లో నూటపది సార్లు దిగాడంట. ఆ సంగతి పడవ ఒడ్డు వదలకముందే మూడుసార్లు సెప్పాడు.

"అమ్మా, ఈ బాబే నీ జోడీ. నాను మీ ఎనకాల వొస్తాను గానీ, నన్ను లెక్కలోకి తీసుకోకు" అన్నాడు మాస్టారు.

సుభాషిణి తనకి నేర్పిందంతా ఆయనకి ఒకటొకటీ సెప్పింది. ఓడ లోపలికి దూరొద్దు, బయటినించే సూద్దాం అంది. ఇంజను డబడబా కొట్టుకుంటంది, దాని మీంచి అరిచింది. గాలి మీటరు అరవైకొస్తే తాడు పట్టుకుని పైకి వొచ్చీడమే అంది. సిలిండరు నిండుగుంటే రెండువందలు సూపిస్తాది మీటరు. శేషగిరి బొటనేలు పైకెత్తి "ఓకే మేడం, ఓకే" అన్నాడు. అయిపోయింది కదాని ఆవిడ కాళ్లకి ఈత రెక్కలు తొడుక్కోబోయింది.

"సోమేసూ, ఇంజనాపు" అన్నాడు మాస్టారు.

ఇంజను ఆగింది. అలల సప్పుడొక్కటే మిగిలింది.

"బాబూ, ఈయమ్మ మీకేటి సెప్పింది?"

శేషగిరికి కొంచెం చిరాకేసింది. "ఇప్పుడేగా గురువుగారూ చెప్పింది! లోపలికి పోకూడదు. ఇరవై దగ్గర పైకి రావాలి."

సుభాషిణి సేతిలో రెక్క సేతిలోనే ఉండిపోయింది. "ఇరవై కాదండీ! అరవై అన్నాను!"

"ఇరవై అనే వినపడింది నాకు. గాలి అడుగు దాకా వాడుకుంటారు కాబోలు ఇక్కడోళ్లు, గట్టోళ్లే అనుకున్నా."

పడవ నడిపీ సోమేసు నవ్వీశాడు. "ఇరవైకొచ్చాక అడుగునించి బయల్దేరితే ఇక్కడోళ్లయినా పైకి రారు బాబూ. సముద్రానికి ఎక్కడోళ్లైనా ఒకటే."

మాస్టారు నవ్వలేదు. "నీళ్లలో నోరుండదు. సేత్తో సెప్పుకోండి" అన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూసున్నారు. ఆవిడ ఒక సెయ్యి మొత్తం, రెండో సేతి బొటనేలు సూపించింది. ఆరు. అంటే అరవై. ఆయనా అలగే సూపించాడు. ఒకరి సిలిండరుకున్న రెండో గొట్టం ఇంకొకరు సేత్తో పట్టుకుని, నోట్లో పెట్టుకుని, గాలి పీల్సి సూసుకున్నారు. అప్పుడు మాస్టారు ఇంకోటి అడిగాడు.

"బాబూ, మీకు బయమేస్తే ఏటి సేస్తారు?"

"ఏంటి గురువుగారూ, పెళ్లిచూపులా?"

"పెళ్లిసూపుల్లో ఇంతలా ఎవులడుగుతారు బాబూ? పిల్లోడికి ఉజ్జోగం ఉంటే సాలదా!" అన్నాడు సోమేసు.

శేషగిరి కూడా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి మాస్టారి వైపు తిరిగాడు. "నిజం చెప్పమంటారా? ఆగలేను. ఒక్కసారిగా పైకి లేచిపోతాను. అండమాన్లో ఒకసారి అలాగే లేచా. చెవిలోంచి రక్తం వచ్చింది. ఇంట్లో కూడా చెప్పలేదు ఈ మాట."

ఆ లోతునించి మనిషి ఒక్కసారిగా లేచిపోతే లోపలున్న గాలి ఉబ్బి ఊపిరితిత్తి సిరిగిపోతాది. సుభాషిణికి ఆ సంగతి ఆస్పత్రి పనిలోనూ తెలుసు. "మంచి మాట చెప్పారండీ" అంది, అంతే. మాస్టారు సోమేసుని లంగరెయ్యమన్నాడు.

కిందకి దిగారు. ఆవేళ నీళ్లు తేటగా ఉన్నాయి. ఓడ ముందు భాగం ఇసకలో సగం దిగి ఉంది, దాని మీద పసుపు సేపలు మందలు మందలు. శేషగిరి పిల్లోడిలా అయిపోయాడు. ఒక్కో సేపా సూపిస్తా, ఓడ ఎనకవైపు తిరిగాడు. అక్కడే కాలికున్న రెక్క పాతవలలో సిక్కుకుంది. ఆయన లాగాడు. వల ఇంకా బిగిసింది. ఇంకా గట్టిగా లాగాడు.

సుభాషిణి అద్దంలోంచి ఆయన కళ్లు సూసింది. నూటపది సార్లు దిగిన మనిషి కళ్లు కావవి. నడుముకున్న కత్తి మీదకి సెయ్యెల్లింది గానీ, ఆగింది. ముందు వల కోస్తే ఈయన బాణంలా పైకిపోతాడు. అందుకని ఎడం సేత్తో ఆయన నడుం పట్టీ గట్టిగా పట్టుకుంది. మొహానికి మొహం పెట్టి, నెమ్మదిగా బుడగలొదిలింది, ఆయన కూడా ఆవిడలాగే ఒదిలీదాకా. అప్పుడు వంగి వల కోసింది. మాస్టారు రెండు బారల దూరంలోనే ఉన్నాడు. సూస్తన్నాడు, సెయ్యి ముందుకు రాలేదు.

కాలు ఊడొచ్చింది. శేషగిరి పైకి లేవబోయి, ఆ పట్టు తగిలి ఆగాడు. తరవాత మీటరు సూసుకున్నాడు. గాబరాగా పీల్సిన గాలి కదా, ఎప్పుడు దిగిపోయిందో దిగిపోయింది. ఆయనే ముందు సెయ్యెత్తాడు. ఒక సెయ్యి మొత్తం, ఒక బొటనేలు. తాడు పట్టుకున్నారు. ఒక్కో బారా, ఒక్కో బారా. ఒంట్లో సేరిన గాలి సర్దుకోడానికి పడవ కింద మూడు నిమిషాలు ఆగాలి, ఆగారు.

పడవెక్కి ఆయన మీటరు సూస్తే ఇరవై ఉంది.

ఒడ్డుకి సేరాక శేషగిరి అందరికీ మరమరాలు కలిపిన మురీ మిక్చర్ పొట్లాలు కొనిపెట్టాడు. "మేడం, మళ్లీ వస్తా. ఇంట్లో వాళ్లకి ఆ చెవి సంగతి కూడా చెప్పేస్తా ఈసారి" అని సేతులు జోడించి ఎల్లాడు.

ఎండ బాగుంది. సుభాషిణి మనసు నిండుగా ఉంది. మాస్టారి పక్కన కూసుని పొట్లం ఖాళీ సేసింది.

"మాస్టారూ, మీరు నేర్చుకున్న కొత్తలో మీ జోడీ ఎవరు?" అంది.

"మా బావ. పోలయ్య. మా ఇంటిదానికి అన్న. ముప్పయ్యేళ్లు ఇద్దరం కలిసి దిగాం. ఒక మాట అనుకునీవోళ్లం కాదమ్మా. నా తల తిరిగితే ఆడు తిరిగీవోడు."

"ఆయన ఇప్పుడు దిగడం మానేశారా?"

"మొన్న వానల్లో పోయాడు. నీళ్లలో కాదు, మంచం మీద. గుండె ఆగిపోయింది. మూడు నెల్ల ముందు నించీ పడవెక్కినప్పుడల్లా ఎడం సెయ్యి రుద్దుకునీవోడు. సూసీవోణ్ని."

నర్సు పని సేసీ మనిషి కదా, సుభాషిణికి అర్థమైపోయింది. అయినా అడిగింది. "ఎందుకు రుద్దుకుంటున్నావని మీరు అడగలేదా మాస్టారూ?"

మాస్టారు సేతిలో పొట్లం కాయితాన్ని మోకాలి మీద పెట్టి, ముడతలన్నీ పోయీదాకా సాపు సేశాడు.

"కొత్తోడైతే అడిగీవోణ్నమ్మా" అన్నాడు.