రంపానికి రెండో కొస

మల్లిపూడి కాలువ గట్టున భద్రాచారి అనే వడ్రంగి ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే కాని, ఎదుటివాడి చిన్న పొరపాటును కూడా ఓర్చుకోలేకపోయేవాడు.

అతను పచ్చని చెట్టు మీద ఏనాడూ రంపం పెట్టలేదు. పడగొట్టిన ఇళ్ల కలప, గాలివానకు ఒరిగిన చెట్లు, ఇవే అతని సరుకు. చిన్న ముక్క కూడా పారేసేవాడు కాదు. వంకర తిరిగిన చెక్క కుర్చీ చెయ్యి అయ్యేది, ముడి పడ్డ చెక్క పీట అయ్యేది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఓపిక ఏమైపోయేదో ఆ దేవుడికే తెలియాలి.

చిన్ననాటి స్నేహితుడు పోతురాజు, అతనూ చెరో కొస పట్టుకుని పెద్ద రంపం లాగేవాళ్లు. ఒకసారి పోతురాజు చెయ్యి జరిగి, కోత గీత తప్పింది. "నీ చేతికి రంపం ఇవ్వడం నాదే బుద్ధితక్కువ," అని భద్రాచారి నలుగురిలో అనేశాడు. పోతురాజు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. అతను మళ్లీ రాలేదు, ఇతను పిలవలేదు. ఆ తర్వాత పనికి కుదిరినవాళ్లు కూడా ఇతని నోటికి జడిసి ఒక్కొక్కరే తప్పుకున్నారు.

అప్పటినుంచి కలప మిల్లులో కోయించుకుని మిగతా పనంతా ఒక్కడే చేసుకునేవాడు. పెద్ద రంపం గోడకు వేలాడుతుండేది. పని బాగా కుదిరిన రోజున "చూశావురా" అనబోయి తలెత్తితే ఎదురుగా ఎవరూ ఉండేవారు కారు. అప్పుడు ప్రాణం ఉసూరుమనేది.

ఒకనాడు రత్నాంబ అనే ముసలావిడ బండి మీద టేకు దూలం ఒకటి వేయించుకుని వచ్చింది. "ఇల్లు పడగొట్టేశారు నాయనా. నా పిల్లలందరి ఉయ్యాలలూ దీనికే కట్టాను. దీంతో నేను కూర్చోడానికి ఒక ఉయ్యాల బల్ల చేసిపెట్టు," అంది. భద్రాచారి సరేనన్నాడు.

కోయించడానికి తీసుకెళితే, మిల్లువాళ్లు దూలాన్ని బండి మీంచి దింపనివ్వలేదు. లోపల పాత మేకులు విరిగి ఉన్నాయని, తమ రంపం పళ్లు పోతాయని అన్నారు. చేత్తో అయితే మేకు తగిలినచోట ఆగి పీక్కోవచ్చు. భద్రాచారి గీత కొట్టుకుని, పెద్ద రంపం దింపి, ఒక్కడే లాగడం మొదలుపెట్టాడు. అవతలి కొస పట్టేవాడు లేక రంపం వంగి, కోత గీత తప్పింది. ఇంకాస్త అలాగే పోతే బల్ల పలచబడి మనిషిని మోయదు. ఆ ముసలావిడకు మరో దూలం లేదు.

భద్రాచారి రంపం అక్కడే వదిలి, కాలువ దాటి, పోతురాజు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు అనరాని మాట అన్నాన్రా. రెండో కొస పట్టుకోడానికి నాకెవరూ లేరు," అన్నాడు.

పోతురాజు కండువా తీసుకుని బయలుదేరాడు. భద్రాచారి పని చేసుకునే పాకలో దూలం మీద వంకర పోయిన కోతను చూశాడు. భద్రాచారి మాట పడడానికి సిద్ధమై తల దించుకున్నాడు.

"ఈ వంక అడుగువైపుకి పోద్దిలేరా. పట్టు," అన్నాడు పోతురాజు.

ఉయ్యాల బల్ల చక్కగా కుదిరింది. భద్రాచారి తలెత్తి "చూశావురా" అన్నాడు. పోతురాజు నవ్వాడు. అతని జుట్టంతా నెరిసిపోయిందని భద్రాచారి అప్పుడే గమనించాడు.

వంకర చెక్కను పారేయకుండా సర్దుకునే ఓపిక, పొరపాటు చేసిన మనిషి పట్ల కూడా ఉండాలి. లేకపోతే మనకు ఒంటరితనమే మిగులుతుంది.