తూము దారి తీర్మానం

తూము దారి మూసెయ్యమన్నది సభే. దొంగచాటుగా ఎవరూ మూయలేదు. పట్టపగలు, సభ్యులందరి ఎదుట, ఒక్కరూ కాదనకుండా ఆ తీర్మానం గట్టెక్కింది. అందరికంటే ముందు తల ఊపింది అధ్యక్షురాలు గేదె సూరమ్మ. ఆ సంగతి ఆవిడకి మర్నాడు బాతు ముత్యాలు వచ్చి చెబితేగాని తెలియలేదు.

ఆ చిన్న పట్నం చివర మూతబడిన రైసు మిల్లు ఒకటి ఉంది. మనుషులు దాని జోలికి రారు. అందుకని మిల్లు గోడ నీడన వారం వారం జంతువుల సభ జరుగుతుంది. చెత్తకుప్ప దగ్గర ఎవరి వంతు ఎప్పుడు, గోడ నీడ పొద్దున మేకలకా గాడిదలకా, కుక్కలు ఎంతసేపు మొరగొచ్చు, ఇలాంటివే సభ చూసే పనులు. పెద్ద పనులేం కావు. కానీ ఇవి సరిగ్గా జరగకపోతే పట్నంలో ఏ జంతువుకీ కడుపు నిండదు, కంటికి కునుకు పట్టదు.

సభకి కార్యదర్శి నక్క జంబయ్య. మాట నేర్పున్నవాడు. అతను సభకి ఒక పద్ధతి పెట్టాడు. ఎప్పుడూ వచ్చే అంశాలన్నీ ఒక్క ఊపిరిలో గడగడా చెప్పేసి, "ఇవి ఎప్పటివే, సరేనా?" అంటాడు. ఆ వెంటనే తనే ముందు "సరే" అనేస్తాడు. ఒక గొంతు సరే అంటే మిగతా గొంతులు వెనకాలే వస్తాయని అతనికి తెలుసు. అందరికీ ఈ పద్ధతి నచ్చింది. మధ్యాహ్నం ఆకలివేళ సభ తొందరగా అయిపోతుంటే ఎవరు మాత్రం వద్దంటారు?

మర్నాడు ముత్యాలు వచ్చేసరికి సూరమ్మ తన బురదగుంటలో పడుకుని ఉంది. ముత్యాలు తోకకి ఈకలు సగమే ఉన్నాయి. పిల్లలన్నీ ఆమె కాళ్ల మధ్య దూరి ఉన్నాయి.

"అక్కా, తూము ఎందుకు మూయించావు?"

"ఏ తూము?"

"బైపాస్ రోడ్డు కింది తూము. అందులోంచేగా పిల్లల్ని ఇటుకబట్టీ గుంటకి ఈతకి తీసుకెళ్లేది. పొద్దున్నే వెళ్తే రాళ్లు అడ్డంగా ఉన్నాయి. పంది భద్రయ్యని అడిగితే, సభ మూయమంది, మావాళ్లం మూశాం అన్నాడు."

"నేను మూయమనలేదే."

"నిన్న జంబయ్య ఎప్పటివే అన్నప్పుడు తల ఊపావు. నేను చూశాను."

"నిన్న నేను నెమరేస్తున్నానే తల్లీ."

"నెమరుకి ఊపే తల ఏదో, సరేనని ఊపే తల ఏదో భద్రయ్యకి ఎలా తెలుస్తుంది?"

సూరమ్మ లేచి నిలబడింది. బురద ధారగా కారింది. "నువ్వూ అక్కడే ఉన్నావుగా. కాదనలేదేం?"

ముత్యాలు పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. "నేనూ సరే అన్నాను. అందరూ అంటుంటే అన్నాను. దేనికన్నానో ఇవాళ తెలిసింది."

తూము బాగయ్యేదాకా కంపల దారిన వెళ్లాలని కూడా ఆ తీర్మానంలోనే ఉందట. రోడ్డు మీద లారీలు. కాబట్టి మిగిలింది ఆ దారొక్కటే. తుమ్మకంపల మధ్య సన్నటి దారి అది. సభ హద్దులో ఎవరూ ఎవర్నీ తినకూడదన్నది కట్టుబాటు. కంపలు మాత్రం హద్దు అవతల. జంబయ్య బొరియ ఆ కంపల్లోనే.

"ఇవాళ వెళ్లాం. నా ఈకలు అక్కడే ఉండిపోయాయి. నీళ్లు చూడకుండానే వెనక్కి పరిగెత్తాం. ఇంకోసారి వెళ్తే నేనొక్కదాన్నే తిరిగొస్తానేమో అక్కా. వెళ్లకపోతే వీటికి ఈత రాదు, ఈత రాని బాతుపిల్ల బతకదు."

"ఈ వారం నా గుంటలో దింపు."

"ఇది బురద."

"తడిగా ఉంటుందిగా. దింపు."

పిల్లలు బురదలో దిగాయి. సూరమ్మ జంబయ్య దగ్గరికి బయలుదేరింది.

జంబయ్య మిల్లు గోడ వారన కూర్చుని కాళ్లు నాక్కుంటున్నాడు. సూరమ్మని చూసి మర్యాదగా లేచాడు.

"రండి వదినా. ఎండలో వచ్చారే, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా."

"తూము తెరిపించు."

"నేనెవర్ని వదినా తెరిపించడానికి? తీర్మానం సభది. తెచ్చినవాడు వెనక్కి తీసుకుంటే తప్ప వానలు వెళ్లేదాకా దాన్ని కదపకూడదు. ఆ నియమం మీ నాన్నగారు పెట్టిందే. మహానుభావుడు."

"తెచ్చినవాడు ఎవరు?"

"నేనే. తూములో పూడిక ఉందని విన్నాను. పసివాళ్లు ఇరుక్కుంటారేమోనని నా బెంగ."

"కంపల్లో ఎవరో ముత్యాలు తోక పట్టుకున్నారట."

"కంపలన్నాక ముళ్లుంటాయి వదినా. ఈకలు పట్టుకుంటాయి."

అతని మీసానికి ఒక తెల్ల ఈక అంటుకుని ఉంది. సూరమ్మ దానివైపే చూసింది. జంబయ్య ఆమె చూపు గమనించి, నాలుకతో దాన్ని లోపలికి తీసేసుకున్నాడు.

సూరమ్మ వెనక్కి తిరిగి నడిచింది. ఆవిడ ఆలోచన నిదానం. అయితే మొదలుపెడితే మధ్యలో వదిలిపెట్టదు. తెచ్చినవాడే వెనక్కి తీసుకోవాలంటే, తెచ్చినవాడికి అది భారం కావాలి. అంతవరకు ఆ సాయంత్రానికే తేలింది. ఎలాగన్నది తేలడానికి తర్వాతి సభ దాకా పట్టింది.

సభ రోజు జంబయ్య కళ్లు మూతలు పడుతున్నాయి. వారమంతా తెల్లవారుజామునే లేచి కంపల్లో మాటువేశాడు. బాతులు రాలేదు. నిద్రా లేదు, తిండీ సరిగ్గా లేదు.

"జంబయ్యా, అలిసిపోయినట్టున్నావు. ఎప్పటివి నేను చెప్పేస్తాలే," అంది సూరమ్మ.

"మీ దయ వదినా," అని అతను గోడకి చేరబడ్డాడు.

సూరమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడ అంత వేగంగా మాట్లాడటం ఎవరూ ఎన్నడూ వినలేదు. "చెత్తకుప్ప వంతులు పోయినవారం లాగే, గోడ నీడ పొద్దున మేకలకి సాయంత్రం గాడిదలకి, సభాస్థలం ఈ పూట నుంచి కంపల దారి, కుక్కల మొరుగుడు బస్టాండు వైపు తగ్గించాలి, ఇవి ఎప్పటివే, సరేనా?"

"సరే," అన్నాడు జంబయ్య కళ్లు తెరవకుండానే. వెనకే మేకలు, కుక్కలు, గాడిదలు, పందులు, అందరి గొంతులూ కలిశాయి.

భద్రయ్య ముట్టె పైకెత్తాడు. "ఆగండాగండి. కంపల దారి ఏమిటి?"

"సరే అన్నావుగా."

"అన్నాను. నోటికి అలవాటు."

జంబయ్య కళ్లు విప్పాడు. "వదినా, కంపలు సభ హద్దు బయట కదా."

"సభ ఎక్కడ కూర్చుంటే అదే హద్దు. అది కూడా మా నాన్నగారు పెట్టిందే. మహానుభావుడు. పదండి."

అందరూ గొణుక్కుంటూనే కదిలారు. సూరమ్మ వెళ్లి సరిగ్గా జంబయ్య బొరియ ముందు చతికిలబడింది. మిగతావాళ్లు దొరికినచోట సర్దుకున్నారు. ఆవిడ గోడ నీడ సంగతి మళ్లీ ఎత్తింది. మేకలు తమ కష్టం చెప్పుకున్నాయి. గాడిదలు తమ కష్టం చెప్పుకున్నాయి. ఎప్పుడూ ఒక్క ఊపిరిలో అయిపోయే అంశం పొద్దు వాలేదాకా సాగింది.

"ఇక ముగిద్దామా వదినా?" అన్నాడు జంబయ్య.

"ముగిసినప్పుడు చెబుతాను. నీకేం తొందర?"

అధ్యక్షురాలు ముగిసిందని చెప్పేదాకా కార్యదర్శి సభ వదిలి కదలకూడదు. సభ్యులు వంతులవారీగా వెళ్లి తిని వస్తున్నారు. జంబయ్యకి వంతు లేదు. రాత్రంతా సూరమ్మ కూడా కదల్లేదు. పక్కనే ఉన్న ఎండుగడ్డి నములుతూ చర్చ వింటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ముత్యాలు పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ ఆ దారిన వచ్చింది. నడకలో ఇంకా బెరుకు ఉంది. సూరమ్మ తలతో రమ్మని సైగ చేసింది. పిల్లలు ఒకటొకటిగా జంబయ్య ముక్కు ముందు నుంచి నడిచాయి. చివరిది ఆగి అతనివైపు చూసింది.

"అమ్మా, ఈ మామ ఎందుకలా గుటకలు మింగుతున్నాడు?"

"సభలో మాట్లాడి మాట్లాడి గొంతు ఆరిపోయుంటుంది. చూడకు, నడువు."

గాడిద పోలయ్య నవ్వాపుకోలేక ఓండ్రపెట్టాడు. జంబయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు చూస్తే ఇంకో ఘోరం. మేకలు ఊరికే కూర్చోలేవు కదా. చర్చ వింటూ వింటూ తుమ్మకొమ్మలు అందినంతవరకు బోడి చేసేశాయి. పందులు ఒళ్లు రుద్దుకుని పొదల మొదళ్లు కదిలించేశాయి. జంబయ్య ఇన్నేళ్లూ దాక్కున్న కంపలు పలచబడి, అవతలి రోడ్డు మీద పోయే లారీలు కనిపిస్తున్నాయి. అంటే లారీల వాళ్లకి తనూ కనిపిస్తాడు.

"వదినా," అన్నాడు మెల్లగా. "నా తీర్మానం నేను వెనక్కి తీసుకుంటాను."

"ఏ తీర్మానం?"

"మీకు తెలుసు కదా."

"నాకు తెలియకే తల ఊపాను. వీళ్లకీ తెలియదు. అందరికీ వినబడేలా నింపాదిగా చెప్పు."

జంబయ్య చెప్పాల్సి వచ్చింది. తూము దారి మూయాలని, బాతులు కంపల దారిన పోవాలని, ఒక్కో మాట విడివిడిగా. సభ మొదటిసారి ఆ తీర్మానాన్ని విన్నది. 

"ఎందుకు తెచ్చావు?" అన్నాడు పోలయ్య.

"పూడిక ఉందని."

సూరమ్మ భద్రయ్య వైపు తిరిగింది. "రాళ్లు దొర్లించినప్పుడు నువ్వు లోపలికి వెళ్లావుగా. పూడిక ఉందా?"

"ఎక్కడిది? శుభ్రంగా ఉంది. మాకు పడుకోడానికి కూడా పనికిరానంత శుభ్రం."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?" అన్నాడు భద్రయ్య. ఆ తర్వాత తల దించుకుని, "నేనూ చెప్పాల్సింది," అన్నాడు. తనవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లి మధ్యాహ్నంలోగా రాళ్లన్నీ పక్కకి తోసేశాడు. ముత్యాలు పిల్లలు ఇటుకబట్టీ గుంట నుంచి ఇంటికి తూములోంచే వచ్చాయి. లోపల వాటి అరుపులు రెండింతలై మోగుతుంటే రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లందరికీ వినిపించాయి.

సూరమ్మ సభ ముగిసిందని చెప్పింది. ఆ మాట పూర్తి కాకుండానే జంబయ్య పొలాల వైపు పరుగు తీశాడు. ఆ పూట అతనికి దొరికింది ఒక ఎండ్రకాయ. అదీ అతని మూతి పట్టుకుని కాసేపు వదల్లేదట.

తిరిగి వస్తుంటే పోలయ్య సూరమ్మ పక్కన నడిచాడు.

"అత్తా, ఒక మాట అంటాను, కోప్పడకు. జంబయ్య చేసిందే నువ్వూ చేశావు. ఎప్పటివే అంటూ మధ్యలో దూర్చేశావు. మేమూ సరే అనేశాం."

సూరమ్మ నడక నిదానించింది. "చేశాను. ఆ పాచిక పారినందుకు సంతోషపడ్డాను కూడా. అదే నాకు బాగా లేదు."

"నీది మంచి పనికే కదా."

"రేపు ఈ చోట ఇంకొకరు కూర్చుంటారు. వాళ్లూ మంచికే అంటారు. అలవాటుగా సరే అనేవాళ్లు ఉన్నంతకాలం ఏ సభలోనైనా నక్కకి పని ఉంటుంది పోలయ్యా."

తర్వాతి సభలో సూరమ్మ తన నిర్ణయం చెప్పింది. ఇకమీదట ఎప్పటివే అనే మాట ఈ సభలో వినబడకూడదు. అంశాలు ఒక్కొక్కటిగా రావాలి. ఒక దారి గాని నీడ గాని నీళ్లు గాని ఎవరికైనా తగ్గుతుందంటే, ముందు ఆ చోటికి వెళ్లి నిలబడి, అక్కడ తిరిగేవాళ్లని అడిగి, ఆ తర్వాతే తను తల ఊపుతుంది.

"అలాగైతే సాయంత్రమవుతుంది," అన్నాడు భద్రయ్య.

"అవనీ."

కార్యదర్శిగా జంబయ్యనే ఉంచారు. మాట నేర్పున్నవాడు సభకి కావాలి. ఒక్కో అంశం చెప్పి ఆగడం అతనికి మొదట్లో ప్రాణం మీదికొచ్చింది. తర్వాత తర్వాత ఆగడమూ నేర్చుకున్నాడు. ముత్యాలు ఇప్పుడు ప్రతి సభకీ ముందు వరసలో కూర్చుని, "ఇది ఎవరికోసం?" అని అడుగుతుంది. మేకలకి ఆ ప్రశ్న నచ్చి, అవీ అడగడం మొదలుపెట్టాయి.

వానాకాలంలో బస్టాండు వెనక మురుగుకాలువ మళ్లించాలని కుక్కలు ఒక అంశం తెచ్చాయి. చిన్న విషయం, ఇక్కడే తేల్చేద్దామని అందరూ అన్నారు. సూరమ్మ మోకాలిలోతు నీళ్లలో అక్కడిదాకా నడిచి వెళ్లింది. కాలువ ఒడ్డున బొరియల్లో ఉండే పందికొక్కులని లేపి అడిగింది. వాటి మాట విన్నాక తిరిగొచ్చి, అప్పుడు తల ఊపింది.