వస్తానన్నవాడి పళ్ళెం

ఓబులేసుకు గడప దాటాలంటే భయం పట్టుకుంది. అప్పులవాళ్ళ భయం కాదు, పగవాళ్ళ భయమూ కాదు. ఎదురైన ప్రతివాడూ నవ్వుతా ఒకటే మాట అడుగుతాడు. "ఏం ఓబులేసూ, ఇంకా పోలేదా?"

అడిగేవాళ్ళ తప్పేముంది? ఊరంతా చాటుకున్నది తనే.

ఓబులేసుది డంగుసున్నం పని. సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో మెత్తగా నూరి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి పాతకాలపు గోడలకు పూస్తాడు. ఆయన చెయ్యి పడితే గోడలో మొహం చూసుకోవచ్చు. ఒక మేస్త్రీ కింద ఉండే మనిషి కాదు, ఒక కంపెనీలో జీతగాడూ కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళ పని చేస్తాడు. అది ముగిస్తే తన దారి తనది.

అట్లాంటివాడికి పట్నం నుంచి ఫోనొచ్చింది. ఎవరో జమీందారు కట్టించిన బంగళాను హోటలు చేస్తున్నారట. గోడలన్నీ నువ్వే పూయాల, ఉగాది అయినాక వచ్చే సోమవారమే మొదలు, అందాకా ఇంకో పని నెత్తిన పెట్టుకోవద్దు అన్నాడు కాంట్రాక్టరు.

ఇంకేముంది! ఓబులేసు కాళ్ళు నేల మీద ఆనలేదు. పెరట్లో పెద్ద గుంత తవ్వి సున్నం నానేశాడు. బట్టలు సర్దుకున్నాడు. టీ అంగడి కాడ నిలబడి అడిగినవాడికీ అడగనివాడికీ బంగళా సంగతి చెప్పాడు.

సోమవారం వచ్చింది, పోయింది. డిజైను ఖాయం కాలేదన్నారు. మళ్ళీ వారం, ఓనరు ఊళ్ళో లేడన్నారు. ఆ తర్వాత సంతకం ఒక్కటే మిగిలిందన్నారు. పని లేదు పో అని తెగేసి చెప్పి ఉంటే, పాపం, ఒక పూట ఏడ్చి ఊరుకునేవాడు. కాంట్రాక్టరు అట్లా అనడే! ప్రతిసారీ "నువ్వే మా మనిషివి ఓబులేసూ" అంటాడు. ఆ ఒక్క మాటకు మనిషి గుంజకు కట్టేసినట్టు ఉండిపోయాడు.

ఈలోగా అంగన్‌వాడీ టీచరు పద్మావతమ్మ రెండుసార్లు ఇంటికొచ్చి బతిమాలింది. వాళ్ళమ్మ పడుకునే గది గోడ పెళ్ళలు పెళ్ళలుగా మంచం మీద రాలుతోంది, వానలొచ్చేలోపు కాస్త చూడు నాయనా అని. ఓబులేసు చేతులు జోడించాడు. "నేను నీ గోడ ముట్టుకుంటాను, పొద్దున్నే వాళ్ళు పిలుస్తారు. అప్పుడు నా గతేంది అక్కా?"

చివరికి అన్నం సయించడం మానేసింది. ఫోను మోగితే ఉలిక్కిపడతాడు, మోగకపోతే పాడైందేమోనని తిప్పి తిప్పి చూస్తాడు. నంద్యాలలో బావమరిది అపార్టుమెంటు కాపలా పని చూపిస్తానన్నాడు. తాపీని అటక మీదికి విసిరేసి పోదామా అనే దాకా వచ్చింది. చెయ్యెత్తాడు కానీ విసరలేకపోయాడు. ఆ తాపీ పట్టుకునే గుట్ట ఎక్కాడు.

గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే ముసలాయన నన్నేసాబును ఏ కులం వాళ్ళైనా సామీ అనే పిలుస్తారు. ఓబులేసుకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనే గురువు. ఏ కొత్త పనికైనా తాపీని ముందు ఆయన చేతిలో పెట్టి తీసుకుని పోవడం అలవాటు. బంగళా పనికీ అట్లాగే తీసుకున్నాడు. అందుకే మొహం చెల్లక ఇన్నాళ్ళూ రాలేదు.

సామి పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఓబులేసు అంతా చెప్పుకున్నాడు.

"కాచుకోవాల్నా, వదిలేయాల్నా? ఏదో ఒకటి చెప్పండి సామీ."

"గుంతలో సున్నం చెడిపోయిందా నాయనా?"

"సున్నానికేం సామీ! పైన నీళ్ళుంటే చాలు. ఎంత నానితే అంత మంచిది."

"సున్నానికి సరే," అన్నాడు సామి. వంకాయల గంప ఓబులేసు ముందుకు తోశాడు. ఓబులేసు కత్తిపీట వేసుకున్నాడు.

ఆ దర్గాలో పొద్దు నడినెత్తికి వచ్చే సరికి అన్నం వడ్డించాల. ఎవరుంటే వాళ్ళు తింటారు. ఆ రోజు మాత్రం టౌను నుంచి రైసుమిల్లు షావుకారు వస్తానని కబురు పెట్టాడు. ఆయనకేదో మొక్కుందట. సామి మంచి పళ్ళెం తీసి కడిగి, వేడన్నం పెట్టి, వంకాయ కూర వేసి, నెయ్యి పోసి పైన మూత పెట్టాడు.

ఎండ నెత్తి మీదికొచ్చింది. సామి ఫోను మోగింది. బయల్దేరుతున్నామన్నారు. ఇంకాసేపటికి మళ్ళీ మోగింది. కొంచెం ఆలస్యమైతాది, ఏమీ అనుకోవద్దన్నారు.

"అనుకునేదేముంది నాయనా," అని సామి ఫోను పక్కన పెట్టి ఓబులేసు వైపు తిరిగాడు. "ఆకలైతాందా?"

"నాదేముంది సామీ. అంత పెద్దమనిషి వస్తానన్నాడు గదా, కాచుకుందాం."

సామి ఆ పళ్ళెం మీద మూత తీసి, తెచ్చి ఓబులేసు ముందు పెట్టాడు.

ఓబులేసు వెనక్కి జరిగాడు. "అయ్యో, అది ఆయనకు పెట్టింది సామీ!"

"ఆయన రాలేదు. నువ్వొచ్చినావు."

"తినేసినాక ఆయనొస్తే?"

"వస్తే పొయ్యి మళ్ళా ముట్టిద్దాం."

ఓబులేసు ముద్ద కలుపుకున్నాడు. ఎన్నాళ్ళకో నాలుకకు రుచి తగిలింది. రెండో ముద్ద నోట్లో ఉండగానే జేబులో ఫోను మోగింది. ఎంగిలి చెయ్యనే మాట మరిచి లాగి చెవికి పెట్టుకున్నాడు. లోను కావాలా సార్ అని ఎవరో అమ్మాయి.

ఆయన మొహం చిన్నబోయింది. సామి నవ్వలేదు. ఫోను మీద అంటిన మెతుకులను తన భుజం తువ్వాలుతో తుడిచి గూట్లో పెట్టాడు. ఇంకో గరిటె కూర వేశాడు.

"తిను నాయనా, చల్లారిపోతాది."

ఓబులేసు తలొంచుకుని తిన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు పళ్ళెంలో పడుతున్నా తుడుచుకోలేదు. షావుకారు ఆ రోజు రానేలేదు.

చెయ్యి కడుక్కుని తాపీని సామి చేతిలో పెట్టాడు. సామి ఏ పనికని అడగకుండా తిరిగి ఇచ్చాడు.

ఓబులేసు గుట్ట దిగి తిన్నగా పద్మావతమ్మ ఇంటికి పోయాడు. ఆమె తల్లి మంచాన్ని పక్కకు జరిపి, గోడను గోటితో గీకి చూశాడు. "రేపు పొద్దున్నే వస్తా అక్కా," అన్నాడు.

ఆ గది చల్లగా, పాలమీగడలాగా తేలింది. చూసిన పక్కింటివాళ్ళు పిలిచారు. వాళ్ళ తర్వాత బడి వంటగది వాళ్ళు పిలిచారు. టీ అంగడి కాడ ఎవరూ ఇంకా పోలేదా అనడం లేదు, మా ఇంటికెప్పుడు వస్తావని అడుగుతున్నారు. పెరట్లో గుంత అడుగు కనబడింది.

తొలకరి చినుకులు పడుతున్నాయి. ఓబులేసు బడి వంటగది గోడ నున్నగా రుద్దుతున్నాడు. అక్కడి గూట్లో పెట్టిన ఫోను మోగింది. చేతిలో ఉన్న సున్నం గోడకు పట్టించి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు తీశాడు.

"ఓబులేసూ, నువ్వే మా మనిషివి," అన్నాడు కాంట్రాక్టరు. "వచ్చే సోమవారం అనుకుంటున్నాం. సున్నం సిద్ధంగానే ఉంది కదా?"

"లేదు సార్, అయిపోయింది."

"అయిపోవడమేంటయ్యా! మరి మా పని?"

"మీరు బంగళా గేటు తాళం తీసిన రోజు చెప్పండి సార్," అన్నాడు ఓబులేసు మెల్లగా. "మళ్ళా నానబెడతా."

ఫోను గూట్లో పెట్టేసి గోడ దగ్గరికి పోయాడు. తడి ఇంకా ఆరలేదు.