చలికి చెడిన బ్యాటరీ

హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నీలవేణి అనే పరిశోధకురాలు ఉండేది. పనిలో దిట్టే గానీ, ఓపిక మాత్రం బొత్తిగా లేదు.

గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ చతికిలబడుతుంది. ఆ చలిలోనే ఛార్జింగ్ పెడితే లోపల దెబ్బతింటుంది, ఇక కోలుకోదు. అందుకని, ముందు తనంతట తానే వెచ్చబడి ఆ తర్వాతే ఛార్జింగ్ ఎక్కించుకునే బ్యాటరీని నీలవేణి తయారుచేసింది. దాన్ని పరీక్షించడానికి లదాఖ్ కొండల్లోని ఒక పల్లెకు వెళ్లింది. అక్కడి చిన్న ఆసుపత్రిలో చలికాలమంతా దీపం వెలగాలంటే ఆ బ్యాటరీయే దిక్కు.

వెళ్లిందన్నమాటే గానీ, ఆమె మనసంతా నాలుగేళ్ల కూతురు తన్మయి మీదే ఉండేది. "అమ్మా, ఎప్పుడొస్తావ్?" అని పిల్ల ఫోనులో అడిగినప్పుడల్లా "త్వరగా వచ్చేస్తా" అనేది.

ఒకరోజు పొద్దున కొండల మీద మబ్బులు కమ్ముకున్నాయి. మంచుకు దారి మూసుకుపోయేలోగా కొండ దిగి వెళ్లే ఆఖరి జీపు మధ్యాహ్నం బయలుదేరుతుందన్నారు. ఆలోగా బ్యాటరీని ఛార్జ్ చేసి ఆసుపత్రికి అప్పగించాలి. చూస్తే అది రాయిలా చల్లబడి ఉంది.

"వెచ్చబడేదాకా ఆగుదాం దీదీ," అంది తోటి పరిశోధకురాలు ఆంగ్మో.

"అంతసేపు ఆగితే జీపు వెళ్లిపోతుంది. ఈ ఒక్కసారికి ఏం కాదులే," అంటూ నీలవేణి వెచ్చబడే ఏర్పాటును ఆపేసి, నేరుగా ఛార్జింగ్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో దీపం వేశారు. కాసేపు వెలిగి ఆరిపోయింది.

"అయితే ఈ చలికాలం కూడా మాకు చీకటేనా అమ్మా?" అని నర్సు అడిగింది.

బయట జీపు హారన్ కొట్టింది. నీలవేణి కళ్లు తుడుచుకుంది గానీ, ఎక్కలేదు.

మంచు పడింది. దారి మూసుకుపోయింది. పాడైన భాగాలు తీసేసి, ఆంగ్మోతో కలిసి బ్యాటరీని మళ్లీ కూర్చింది. ఈసారి వెచ్చబడేదాకా రోజూ దాని పక్కనే కూర్చునేది. సాయంత్రాలు ఫోను సిగ్నల్ అందే గుట్ట మీదికి వెళ్లి ఇంటికి మాట్లాడేది.

"పాప నిద్రలో నీ కొంగు వెతుక్కుంటోంది," అన్నాడు భర్త మురారి ఒకరోజు.

కొన్నాళ్లకు తన్మయి 'ఎప్పుడొస్తావ్' అని అడగడం మానేసింది. ఆ ఒక్క మాట కోసం నీలవేణి ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయేది.

చలికాలం గడిచింది. ఆసుపత్రిలో దీపం ఒక్కరోజు కూడా ఆరలేదు.

నీలవేణి ఇల్లు చేరేసరికి తన్మయి తండ్రి వెనక దాక్కుంది. పరుగున వెళ్లి ఎత్తుకోవాలని తల్లి చేతులు తహతహలాడాయి. అయినా ఆమె కదలకుండా గుమ్మంలోనే కూర్చుంది. చాలాసేపటికి ఒక చిన్న చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"మళ్లీ వెళ్తావా అమ్మా?"

ఎంత ప్రేమతో పడినా తొందర తొందరే. దేనికి పట్టే సమయం దానికి ఇవ్వనివారు, ఆ తర్వాత అంతకు ఎన్నో రెట్లు ఎదురుచూడాల్సి వస్తుంది.