మంచులో హాజరు

ఆ లోయలోకి ఎండ రావడానికి బద్ధకం. మిట్ట మధ్యాహ్నం కూడా పక్కనున్నవాడి తోక కనిపిస్తే తల కనిపించదు, అంత మంచు. అలాంటి చోట గుంటనక్క గంగులు గానుగ పెట్టాడు. చుట్టూ ముళ్ళకంచె, నడిమధ్య గానుగ, ఓ మూల మూటల కొట్టం, వాగు వైపు నూనె తీసే వలిసె గింజలు ఆరబోసే బండ. తను మాత్రం ఎత్తరుగు మీద నెగడు పక్కన కూర్చునేవాడు. మంచులో కాళ్ళు తడుపుకోవడం దొరతనానికి తక్కువని అతని ఉద్దేశం.

గానుగ తిప్పేది ఎద్దు సూరన్న. మూటలు మోసేది గాడిద గైరమ్మ. గింజల్లోంచి ఆకూ అలమూ ఏరేది మేక పైడమ్మ, ఏరింది ఏరినట్టే నమిలేసేదీ ఆవిడే. బండ మీద రాళ్ళు ఏరేది బొల్లికోడీ, దాని అక్కచెల్లెళ్ళూ. ఎవరూ ఎవరికీ కనిపించరు కాబట్టి గంగులు అరుగు మీంచే పేరు పెట్టి హాజరు పిలిచేవాడు. సూరన్న అంబా అనేవాడు, పైడమ్మ మే అనేది, గైరమ్మ ఓండ్ర పెట్టేది, కోళ్ళు కొక్కొక్కో అనేవి. ఎవరు ఎక్కడున్నారో, కులాసాగా ఉన్నారో లేదో, ఆ గొంతులోనే తెలిసిపోయేది.

ఒకరోజు పై అడవి తోడేళ్ళు నూనె కొనడానికి వచ్చాయి.

"ఏంటయ్యా గంగులూ, ఇది గానుగా, పశువుల దొడ్డా?" అని ఒక తోడేలు నవ్వింది.

గంగులు మొహం మాడిపోయింది. మర్నాడే కట్టడి పెట్టాడు. "ఇకమీదట కంచె లోపల అందరూ నక్క మాటే మాట్లాడాలి. అంబాలూ మేమేలూ వినపడ్డాయో, ఆ పూట మేత లేదు."

సూరన్న గానుగ ఆపి తల వంచాడు. "దొరా, వర్తకులొచ్చినప్పుడు మీ మాటే మాట్లాడతాం. బేరం మీది, దాన్ని కాదనం. తొట్టి దగ్గరా, మంచులో ఒకరినొకరు కేకేసుకునేటప్పుడూ మాత్రం మా మాట మాకుండనివ్వండి."

"నా కుడితి తాగుతూ నాకు తెలియని మాటలా? నన్ను ఆడిపోసుకుంటున్నారేమో, నాకేం తెలుసు?"

"మిమ్మల్ని తలుచుకునే తీరికెక్కడిది దొరా మాకు?" అంది పైడమ్మ.

"అదిగో, ఆ వెటకారమే వద్దనేది!"

బేరం కోసం ఒక మాట నేర్చుకోమనడంలో తప్పు లేదు. సూరన్నా అదే అన్నాడు. కానీ గంగులికి తీరవలసింది బేరం కాదు, అనుమానం. అనుమానానికి కొలతేముంది? తొట్టి దగ్గర నోరు మూయించాక కూడా అతనికి నిద్ర పట్టిందని నేననుకోను.

ఇక రోజూ పొద్దున్నే అరుగు మీద పాఠం. "గొంతు సన్నం చెయ్యి. పైకెత్తు. చివర సాగదియ్యి. ఉన్నా... దొరా!"

అందరికంటే ఎక్కువ తంటాలు పడింది గైరమ్మ. ముసలిది, ఇంకెక్కడా పని దొరకనిది. ఓండ్ర వినపడితే పనిలోంచే గెంటేస్తానన్నాడు గంగులు. దారంతా గొణుక్కుంటూ మూటలు మోసేది. పాఠం వేళకి కంచె అవతలి పొదలో ఆకులు కదిలేవి. గాలి మాత్రం ఉండేది కాదు.

కొన్నాళ్ళకి బొల్లికోడిది తప్ప అందరి గొంతూ ఒకటే అయింది, సన్నగా, సాగదీసినట్టు. పిలిస్తే పలికేది ఎద్దో మేకో తెలిసేది కాదు. గంగులు మురిసిపోయాడు. "ఇప్పుడు గానుగలా ఉంది!"

అప్పటినుంచే గానుగలో కరకరమని చప్పుడు మొదలైంది. గింజల్లో రాళ్ళు. కోళ్ళకు పోసిన నూకలు పోసినట్టే ఉన్నాయని పైడమ్మ వచ్చి చెప్పింది. సూరన్న అరుగు దగ్గరకెళ్ళాడు.

"దొరా, కోళ్ళు లేవు."

"లేకపోవడమేంటి?" గంగులు మెడ చాచి పిలిచాడు. "కోళ్ళూ!"

"ఉన్నాం... దొరా!" బండ వైపు నుంచి జవాబు వచ్చింది.

"విన్నావుగా? నూకలు కూడా ముట్టకుండా పని చేస్తున్నాయి. వాటిని చూసి నేర్చుకో."

సూరన్న కదల్లేదు. "బొల్లికోడికి పాఠమే రాలేదు దొరా. దాని నోట నక్క మాట ఎప్పుడూ కుక్కపిల్ల అరిచినట్టుండేది. ఇంత బాగా ఎప్పుడు నేర్చింది?"

"నేర్చుకుంటే ఏడుపేంటయ్యా నీకు? పో, పోయి గానుగ తిప్పు!"

సూరన్న తిరిగొచ్చి పైడమ్మతో చెప్పాడు. బొల్లికోడి ఆమెకు పొద్దస్తమానం కబుర్ల తోడు. పైడమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే ఇంకో సంగతి తట్టి ఏడుపు ఆగిపోయింది. గైరమ్మ మూట తేవడానికి వెళ్ళి ఎంతసేపైంది?

"గైరమ్మక్కా!" అని నక్క మాటలోనే కేకేసింది.

"ఉన్నా..." కొట్టం వైపు నుంచి.

"ఉన్నా..." వాగు వైపు నుంచి.

రెండూ ఒకే గొంతు. పైడమ్మ సూరన్న పక్కకి జరిగింది.

"ఇటు రా పైడమ్మా, మూట పట్టు," అంది కొట్టం వైపు గొంతు.

"ఇటు రా పైడమ్మా, మూట పట్టు," అంది వాగు వైపు గొంతు.

"మావా, ఏది మన అక్క?" అంది పైడమ్మ గుసగుసగా.

"నీ మాటలో పిలు."

"మేత ఆపేస్తాడు మావా. నా మేత పోతే పోయింది, అక్క పలికిందంటే ముసల్దాన్ని పనిలోంచే గెంటేస్తాడు."

"గెంటేస్తే బతికుంటుంది. పిలు!"

పైడమ్మ కళ్ళు మూసుకుని గొంతు చించుకుని అరిచింది. "మే... మే..."

పైడమ్మ ఇంకోసారి పిలిచింది. గైరమ్మ భయపడుతోందని ఇద్దరికీ తెలుసు. తర్వాత కొట్టం వైపు నుంచి బొంగురుగా, వంకరగా, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న ఓండ్ర లేచింది. అంత అందమైన చప్పుడు పైడమ్మ పుట్టాక వినలేదు. వాగు వైపు గొంతు మాత్రం మూగబోయింది. దానికి వచ్చింది ఒక్క నక్క మాటే.

గైరమ్మ పడుతూ లేస్తూ వచ్చి సూరన్న పక్కన చేరింది. అంతలో వాగు వైపు మంచు కొంచెం విడిపోయింది. వీపు వాలుగా, వెనక కాళ్ళు పొట్టిగా ఒక దుమ్ములగొండి నిలబడి ఉంది. దాని మూతికి బొల్లి ఈక అంటుకుని ఉంది. అది వాళ్ళ ముగ్గురినీ చూసి, తొందరేమీ లేనట్టు, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయింది.

"రోజూ పొదలో కూర్చుని పాఠం విన్నది ఇదే," అన్నాడు సూరన్న.

కొమ్ములతో ముళ్ళకంచె పెకలించి దారి చేశాడు. మేకనూ గాడిదనూ బయటికి పంపి, తను గండి దగ్గర ఆగి గంగులికి తెలియాలని నక్క మాటలోనే అరిచాడు. "దొరా! దుమ్ములగొండి లోపలుంది. బయటికొచ్చెయ్యండి!"

వెంటనే మంచులోంచి అదే గొంతు పలికింది. "ఏమీ లేదు... దొరా. నెగడు దగ్గరే కూర్చోండి."

గంగులు చెవులు రెండువైపులా తిప్పాడు. రెండింటికీ తేడా దొరకలేదు. దొరకనప్పుడు అతను నచ్చిన మాటే నమ్మేవాడు.

సూరన్నకి ఇంకేం తోచక, కడుపులోంచి అంబా అని రంకె వేశాడు. ఇది నేనే దొరా, నిజంగా నేనే, అని దాని అర్థం. గంగులికి ఆ మాట రాదు. ఎన్నడూ నేర్చుకోలేదు.

"కంచె లోపల అంబాలా? నీకు రేపు కూడా మేత లేదు!"

సూరన్న ఇక నిలబడలేదు. మంచులో ముగ్గురూ అంబా అనీ మే అనీ ఓండ్ర పెట్టీ ఒకరినొకరు ఆనవాలు పట్టుకుంటూ గట్టెక్కిపోయారు.

వాళ్ళ చప్పుడు సద్దుమణిగాక గంగులు హాయిగా ఊపిరి పీల్చుకుని, మామూలుగా హాజరు మొదలుపెట్టాడు.

"సూరన్నా!"

"ఉన్నా... దొరా." బండ దగ్గర నుంచి.

"పైడమ్మా!"

"ఉన్నా... దొరా." కొట్టం దగ్గర నుంచి.

"గైరమ్మా!"

"ఉన్నా... దొరా." అరుగు మెట్టు దగ్గర నుంచి.

ఎక్కడా యాస లేదు, తడబాటు లేదు. ఇన్నాళ్ళకి అందరికీ చదువొచ్చిందని గంగులు తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత వచ్చిన తోడేళ్ళకి కంచె దగ్గర నూనె వాసన తగల్లేదు, గానుగ చప్పుడూ వినపడలేదు. నెగడు చల్లారి ఉంది. పెద్ద తోడేలు గుమ్మంలోనే ఆగి, "గంగులూ!" అని పిలిచింది.

"ఉన్నా... దొరా," అంది మంచు. "లోపలికి రండి."

నీతి: పనివాళ్ళ గొంతులు మాపేసిన యజమానికి, వాళ్ళు వెళ్ళిపోయిన సంగతి కూడా తెలియదు.