నెమరు వేళ

వాగు ఒడ్డున ఎలుగుబంటికి ఒక చెరుకు గానుగ ఉండేది. దాన్ని తిప్పేవి ఒకే కాడి కింద రెండు ఎద్దులు: ముసలి బొల్లన్న, వయసులో ఉన్న పుల్లన్న. మిట్టమధ్యాహ్నం కాడి దింపగానే ఇద్దరూ కానుగచెట్టు నీడన పడుకుని, ఒకరి మెడ ఒకరు నాకుతూ తీరిగ్గా నెమరు వేసుకునేవారు.

ఎలుగుబంటి కొత్తగా నక్కను మేస్త్రీగా పెట్టుకుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా? నెమరంటేనే ఎరగని నక్కకు ఆ వేళ కంటగింపైంది.

"తిన్నదాన్నే మళ్ళీ నమలడమేమిట్రా? పని ఎగ్గొట్టే వేషాలు!" అంది.

"మా కడుపు తీరే అంత, మేస్త్రీ. నెమరెయ్యకపోతే మేసిందంతా రాయైపోద్ది," అన్నాడు బొల్లన్న.

నక్క పుల్లన్న వైపు తిరిగింది. "ముసలాడికైతే ఆయాసం. నీకేం పుల్లన్నా, కొండలా ఉన్నావు! నీడపట్టున పడుకోవడం నీకు నామోషీ కాదూ?" అంటూ కొమ్ములకు ఎర్ర కుచ్చులు కట్టింది.

పుల్లన్న మునగచెట్టు ఎక్కేశాడు. "మాకు విరామం అక్కర్లేదు మేస్త్రీ!" అనేశాడు. తన మాట ఇద్దరి మెడల మీదా పడుతుందని ఆ వెర్రివాడికి తోచలేదు. ఒకే కాడి కదా మరి.

ఆనాటి నుంచి పగలంతా గానుగ ఆగలేదు. బొల్లన్న డొక్కలు ఉబ్బాయి, అడుగు తడబడింది. పుల్లన్నకు నిద్ర కరువైంది, ఈగ వాలినా చిరాకే. "నీవల్లే పని వెనకబడుతోంది, ముసలాడా!" అంటూ ఒకనాడు బొల్లన్నను కొమ్ముతో పొడిచాడు కూడా.

"అలసినోడికి కోపం ముక్కుమీదే ఉంటాదిరా అబ్బీ," అని ఊరుకున్నాడు బొల్లన్న. మర్నాడు కాడి కిందే కూలబడ్డాడు.

నక్కకు ముచ్చెమటలు పోశాయి. పచ్చగడ్డి తెచ్చి ముందు పోసి, "ఇవాళంతా సెలవే! నెమరేసుకో బొల్లన్నా, నీ కాళ్ళు మొక్కుతా," అంది.

"ఒక్కసారి దవడ ఆడించు పెదనాన్నా! నా నోరే నీ కొంప ముంచింది," అని పుల్లన్న ఆ మెడ నాకుతూ ఏడ్చాడు.

సెలవు వచ్చింది గాని నెమరు రాలేదు. పొద్దుగూకక ముందే బొల్లన్న పోయాడు.

నరికిన చెరుకు గుట్టలుగా ఎండిపోతుంటే ఎలుగుబంటి మండిపడి, కాడి కింద బొల్లన్న చోట నక్కనే కట్టింది. మధ్యాహ్నానికల్లా నక్క నాలుక వెళ్ళబెట్టి, "అన్నా, కాసేపు ఆగుదాం!" అని బతిమాలింది.

పుల్లన్నకు దాన్ని ఈడ్చుకుపోవాలనే ఉంది. అయినా ఆగాడు. కాడి దింపించుకుని, కానుగ నీడలో బొల్లన్న చోటు వదిలి పడుకుని, కన్నీళ్ళతో నెమరు వేశాడు.

ఆగిన గానుగ మళ్ళీ తిరుగుతుంది, ఆగిన ఊపిరి తిరిగి రాదు.