మోకాలెత్తు ఉన్ని

హబీబ్ దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన మూడో మనిషి కూడా మూట కట్టుకున్నాడు.

అతని పేరు సుభాన్. సరస్సులో పడవ నడిపేవాడు. భార్య పోయిన నలభై రోజులకు ఖాన్ఖాకు వచ్చాడు. కొండల నడుమ సూఫీలు కలిసి బతికే చోటు అది. కొత్తవాళ్లకు నామజపం నేర్పే పని హబీబ్‌ది. సుభాన్ దైవనామం పలికిన ప్రతిసారీ అతను ఆపి సరిదిద్దాడు. ఊపిరి అక్కడ తీయకూడదు. వెన్ను నిటారుగా ఉండాలి. మొదటి రోజు నుంచే వెయ్యిసార్లు. తొమ్మిదో రోజుకు సుభాన్ జపం మానేశాడు. పదో రోజు పొద్దున్నే, సెలవు తీసుకోవడానికి గురువు దగ్గరికి వచ్చాడు. హబీబ్ కూడా వెనకే వచ్చాడు.

గురువు ఖలీల్ షా నమ్దాలు చేసేవాడు. మగ్గం, దారం, సూది ఏవీ లేకుండా ఉన్నినే దట్టమైన తివాచీగా మార్చే పని అది. ఆయన ముందు రంగు వేయని మెరీనో ఉన్ని మోకాలెత్తు కుప్పగా ఉంది. తూకం వేస్తే అర కిలో ఉండదు.

"నేను తప్పేమీ నేర్పలేదు హజ్రత్," అన్నాడు హబీబ్. "మీరు నాకు చెప్పిందే చెప్పాను. ముగ్గురూ నిలవలేదు. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇద్దాంలే. ముందు ఆ చాప పరుచు. సుభాన్, నువ్వూ వెళ్దువుగాని. ఆ వేడినీళ్ల చెంబు ఇలా పట్రా."

"నాకు నీళ్లు తోడి పారబోయడమే వచ్చు," అన్నాడు సుభాన్. "పడవవాణ్ణి."

"ఇవాళ నీళ్లు ఇటు పొయ్యి."

గురువు ఉన్నిని పాయలుగా తీసి రెల్లు చాప మీద పరిచాడు. ఒక వరస నిలువుగా, దానిమీద ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువుగా. గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోయేలా ఉంది. సుభాన్ సబ్బు కలిపిన వేడినీళ్లు చిలకరించాడు.

"అదుము," అన్నాడు గురువు హబీబ్‌తో.

హబీబ్ చొక్కా చేతులు పైకి మడిచి, బలమంతా పెట్టి అదిమాడు. ఉన్ని అరచేతుల కింద నుంచి పక్కలకు జారిపోయింది. చేతులు తీస్తే నడుమ చాప కనిపించింది.

"గుర్రాన్ని తోముతున్నావా?" అన్నాడు గురువు.

ఖాళీ అయిన చోట కొత్త పాయలు వేసి, తన అరచెయ్యి ఆనించాడు. చెయ్యి కదులుతోందో లేదో తెలియలేదు. అరగంట గడిచింది. సుభాన్ రెండుసార్లు నీళ్లు చిలకరించాడు.

"ఎప్పుడు అదమాలి?" అన్నాడు హబీబ్.

"ఒకదాన్నొకటి పట్టుకున్నాక."

గురువు రెండు వేళ్లతో పైపైన గిల్లి ఎత్తాడు. ఒక్క పోగు విడిగా రాలేదు. తెల్లటి పొర మొత్తం వేళ్ల వెంట లేచింది.

హబీబ్ వంగి చూశాడు. తన కళ్లముందే పరిచిన పాయలు. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో వెతికాడు. దొరకలేదు. సుభాన్ చెంబు పట్టుకునే నిలబడిపోయాడు.

"ఇప్పుడు తే నీ బలం," అన్నాడు గురువు.

చాపతో సహా చుట్టి, తాడు కట్టి, దొర్లించాలి. హబీబ్ మోకాళ్ల మీద కూర్చుని ముందుకీ వెనక్కీ దొర్లించాడు. తడిసి బరువుగా ఉంది. ఎవరూ పిలవకుండానే సుభాన్ వచ్చి పక్కన కూర్చుని చేతులు వేశాడు. అతనిది తెడ్డు వేసే ఊపు. వెనక్కి లాగినప్పుడు ఊపిరి తీసి, ముందుకు తోసినప్పుడు వదిలేవాడు. కొంతసేపటికి ఆ ఊపిరితో పాటు దైవనామం బయటికి వచ్చింది. మెల్లగా, సాగదీసినట్టు. హబీబ్ తీయకూడదన్న చోటే సుభాన్ ఊపిరి తీస్తున్నాడు.

హబీబ్ నోరు తెరిచాడు. సుభాన్ కళ్లు మూసుకుని ఉన్నాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

హబీబ్ నోరు మూసుకున్నాడు. నాలుగైదు ఊపుల తర్వాత తన ఊపిరి కూడా అక్కడే తీశాడు.

మధ్యాహ్నం తాడు విప్పారు. సుభాన్ నమ్దా అంచు పట్టుకుని లాగి చూశాడు. సాగలేదు, చిరగలేదు.

"నీళ్లు ఇంకాస్త వేడిగా ఉంటే బాగుండేది," అన్నాడు. "రేపు చూసుకుందాం."

గురువు హబీబ్ వైపు తిరిగాడు. "నీ పని ఎవరికిమ్మంటావు?"

హబీబ్ రేపటి పొయ్యికి కట్టెలు తేవడానికి లేచాడు.